టేపు నుండి డిస్కునకు

తెలుగునాట పెక్కు ఇండ్లలో బీరువా పై అరయందో, అటకమీది ట్రంకుపెట్టెలోనో నల్లని ప్లాస్టిక్కు పెట్టెలు కొన్ని పడియుండును. ఒక్కొక్కటి లావుపాటి పుస్తకమంత యుండును. వాని వీపున అంటించిన కాగితపు ముక్కలపై “పెద్దమ్మాయి వివాహము”, “నామకరణము”, “తాతగారి షష్టిపూర్తి” అని వెలసిపోయిన సిరాతో వ్రాసియుండును. అవి వీడియో క్యాసెట్లు. నేటి బాలబాలికలలో అనేకులు వానిని చూచియుందురు గాని, వానిలోని బొమ్మ కదలగా చూచియుండరు. బొమ్మను చూపెడి యంత్రము ఆ యింట ఏనాడో మూలబడినది. షష్టిపూర్తి జరుపుకొన్న తాతగారు నేడు లేకపోవచ్చును. గోడమీది ఫోటో ఆయన ముఖమును మాత్రమే చూపగలదు; ఆయన నడక, నవ్వు, మనుమని పేరుపెట్టి పిలిచిన పిలుపు ఆ నల్లని పెట్టెలో నున్నవి.

వానిని వెలికిదీసి, అంకెల రూపమునకు మార్చి, డిస్కులపై నెక్కించు పని యొకటి కలదు. అది చూచుటకు సులభముగా తోచును. కాని దానియందు భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, గణితము మూడును ఇమిడియున్నవి. దానికి గడువు గూడ కలదు.

ఈ క్యాసెట్లు మన యిండ్లకు వచ్చిన చరిత్ర దీర్ఘమైనది కాదు. 1982 వ సంవత్సరమున ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిననాడు మన దేశమున రంగుల టెలివిజను ప్రసారములు మొదలయ్యెను. ఆ దశాబ్దముననే వీడియో యంత్రములు పట్టణములందు వ్యాపించెను. జనులు వానిని వి.సి.ఆర్. లనియు, వి.సి.పి. లనియు పిలిచిరి. గల్ఫు దేశములకు బ్రతుకుతెరువునకై పోయిన కరీంనగరము, నిజామాబాదు, కడప ప్రాంతములవారు సెలవులకు వచ్చునపుడు వానిని వెంట తెచ్చుకొనిరి. లేనివారు అద్దెకు తెచ్చుకొని, వాకిట చాపలు పరచి, వీధివారినందరిని పిలిచి రాత్రి తెల్లవార్లు సినిమాలు చూచిరి. పెండ్లిపందిళ్ళలో ఫోటోగ్రాఫరు ప్రక్కన భుజముపై వీడియో కెమెరా మోసినవాడొకడును, వాని వెనుక కండ్లు జిగేలుమనునట్టి దీపము పట్టుకొన్న కుఱ్ఱవాడొకడును కానవచ్చిరి. 2000 వ సంవత్సరము దాటిన పిమ్మట సి.డి. లును, ఆ వెనుక కెమెరాగల జేబు టెలిఫోనులును వచ్చి క్యాసెట్లను ప్రక్కకు నెట్టినవి. అనగా సుమారు ఇరువది సంవత్సరముల కుటుంబచరిత్ర, ఎక్కువపాలు, ఈ టేపులపై నున్నది.

క్యాసెట్టులోపల రెండు చక్రములకు చుట్టుకొని 12.7 మిల్లీమీటర్ల, అనగా అర అంగుళపు, వెడల్పుగల సన్నని పట్టీ యుండును. మూడు గంటల క్యాసెట్టునందు దాని పొడవు సుమారు 250 మీటర్లు. పట్టీ పాలియెస్టరు పొర. దానిపై ఇనుప ఆక్సైడు పొడిని బంకతో కలిపి పూయుదురు. ఇనుప ఆక్సైడనగా ఒకవిధమైన తుప్పే. ఇట్టి పొడిని కాగితపు పట్టీపై పూసి ధ్వనిని నిలుపవచ్చునని 1928 లో జర్మనీయందు ఫ్రిట్జ్ ఫ్లాయిమరు చూపెను. ఆ పొడిలోని ఒక్కొక్క రేణువు ఒక చిన్న అయస్కాంతము వంటిది. విద్యుదయస్కాంతమొకటి, దీనిని ‘హెడ్డు’ అందురు, పట్టీకి తగులుచుండగా రేణువులు దాని కనుగుణముగా అయస్కాంతత్వము పొందును. మరల అదే పట్టీని హెడ్డు ముందు నడపినచో ఆ రేణువులు హెడ్డునందు విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తే ధ్వనిగా మారును.

ధ్వనికి ఈ యేర్పాటు చాలెను. బొమ్మకు చాలలేదు. మానవుని చెవికి వినవచ్చు ధ్వని సెకనునకు ఇరువదివేల కంపనములకు మించదు. టెలివిజను బొమ్మకు లక్షలు, పదిలక్షలు కావలెను. అన్ని కంపనములు ఒకదానిపై నొకటి పడక పట్టీపై అమరవలెనన్న, పట్టీ హెడ్డు ముందు మహావేగముతో పరుగెత్తవలెను. ఇంగ్లండులో బి.బి.సి. వారు 1950 ప్రాంతపు సంవత్సరములలో ‘వెరా’ యను యంత్రమును నిర్మించి, నిజముగనే పట్టీని సెకనునకు 5 మీటర్లకు మించిన వేగముతో పరుగెత్తించిరి. బండిచక్రమువంటి పెద్దచుట్ట యొకటి పదునైదు నిమిషములకే అయిపోయెడిది. మార్గము దొరకినది అమెరికాలోని ఆంపెక్సు సంస్థలో. చార్లెసు గిన్స్‌బర్గు నాయకత్వమున పనిచేసిన చిన్న బృందమువారు, అందు తరువాత ధ్వనిశాస్త్రమున ప్రసిద్ధికెక్కిన రే డాల్బీ గూడ నొకడు, పట్టీని నెమ్మదిగా నడచుకొనుమని విడిచి, హెడ్లనే గిరగిర త్రిప్పిరి. 1956 ఏప్రిలు నెలలో చికాగో నగరమున ఆ యంత్రమును ప్రదర్శించిరి. అది ఇంటిలో ఉంచుకొనదగినది కాదు. బీరువాలవంటి పెట్టెలతో గది నాక్రమించెడిది.

ఇంటికి తగిన రూపము జపానులో సిద్ధించెను. 1975 లో సోనీ సంస్థ బీటామాక్సును, 1976 లో జె.వి.సి. సంస్థ వి.హెచ్.ఎస్. ను వెలువరించినవి. రెండవదానిని రూపొందించిన వారిలో ముఖ్యులు షిజువో తకానో, యుమా షిరాయిషీ యను ఇంజనీర్లు. మన యిండ్లలోని క్యాసెట్లు చాలవరకు ఈ వి.హెచ్.ఎస్. జాతివే. ఈ యంత్రమున 62 మిల్లీమీటర్ల వ్యాసముగల లోహపు డోలు ఒకటి కొంచెము వాలుగా నమర్చబడి యుండును. దాని అంచున ఎదురెదురుగా రెండు హెడ్లుండును. మన దేశపు పద్ధతిలో ఆ డోలు సెకనునకు 25 మారులు తిరుగును. వ్యాసమునుబట్టి చుట్టుకొలత లెక్కగట్టి 25 చే గుణించినచో హెడ్డు వేగము సెకనునకు దాదాపు 4.9 మీటర్లని తేలును. పట్టీ మాత్రము సెకనునకు రెండున్నర సెంటీమీటర్లయినను కదలదు. ‘వెరా’ పట్టీ పొందిన వేగమును ఈ చిన్న డోలు చప్పుడు లేకుండ సాధించినది. హెడ్లు పట్టీపై వాలుగా గీతలవెంట గీతలు గీయుచు పోవును. ఒక్కొక్క గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే. ధూళికణ మొకటి అడ్డుపడినను తెరపై తెల్లని చారలు కానవచ్చుటకు ఇదియే కారణము.

ఇక టేపునకు గల శత్రువులు. మొదటిది తేమ. తుప్పును పట్టీకి అంటించిన బంక గాలిలోని తేమను పీల్చి క్రమముగ బలహీనమగును. అట్టి టేపును నడపినచో పొడి రాలి హెడ్లకు పట్టుకొనును. రాలిన పొడితో పాటు బొమ్మయు పోవును. సముద్రతీరపు ఊళ్ళలోను, వానకాలమున చెమ్మగిల్లు గోడల ప్రక్కను ఉంచిన క్యాసెట్లకు బూజు పట్టును. కిటికీ వంటి అద్దపు భాగమునుండి చూచినచో చుట్ట అంచుపై తెల్లని పొడి మచ్చలవలె నది కనబడును. రెండవది వేడి. రేకులకప్పు క్రింద వేసవి గడపిన పట్టీ సాగి వంకరలు పోవును. మూడవది మనుష్యుడే. టేపును చెరిపి మరల వాడుకొనవచ్చుననుట దాని సుగుణముగా ఒకనాడు చెప్పుకొనిరి. పెండ్లి క్యాసెట్టుపై పొరపాటున క్రికెట్టు ఆట రికార్డయిన కథలు ఎన్నో యిండ్లలో వినవచ్చును. సామాన్యులనేల యనవలెను? 1969 లో చంద్రునిపై మానవుడు కాలూనిన దృశ్యములు గల అసలు టేపులను, టేపుల కొరత వచ్చినపుడు, బహుశః చెరిపి వాడుకొనియుందురని అమెరికా అంతరిక్షసంస్థ నాసావారు 2009 లో తేల్చిరి. టెలివిజను వారి యొద్ద ప్రసారపు ప్రతులు మిగిలియుండుటచే లోకమునకు ఆ బొమ్మలు దక్కినవి.

ఈ మూడింటికి మించినది యంత్రముల కొరత. టేపు బాగుగనే యున్నను చదువు యంత్రము లేనియెడల అది నల్లని పట్టీ మాత్రమే. వి.సి.ఆర్. లను చివరివరకు తయారుచేసిన జపానుదేశపు ఫునాయి సంస్థ 2016 జులై నెలలో ఆ పని మానుకొనెను. నేడున్నవన్నియు పాతవే. వాని రబ్బరు పట్టీలు సాగినవి, హెడ్లు అరిగినవి, బాగుచేయు పనివారు వయసు మీరినవారు.

డిస్కునకు ఎక్కించుటకు పూనుకొన్నవారు మొట్టమొదట చేయవలసిన పని అతిచిన్నది. క్యాసెట్టు వీపున ఎడమప్రక్క ఒక చిన్న ప్లాస్టిక్కు పలుక యుండును. దానిని విరిచివేసినచో ఆ క్యాసెట్టుపై మరల రికార్డుచేయ వీలుపడదు. చేయి జారి ఎఱ్ఱమీట నొక్కినను పాత బొమ్మ చెరగదు. తరువాత అంచులను వెలుతురులో పరీక్షింపవలెను. బూజు కనబడిన టేపును మంచి యంత్రమున పెట్టరాదు. బూజు హెడ్లకంటుకొని, వెనువెంట పెట్టిన ఇతర క్యాసెట్లకును ప్రాకును. అట్టివానిని వేరుచేసి, ముక్కునకు గుడ్డ కట్టుకొని శుభ్రపరచు నిపుణుల కప్పగించుట మేలు. పెట్టె పగిలినచో చింతలేదు. అయిదు మరలు విప్పి, చుట్టలను మరియొక ఖాళీ పెట్టెలోనికి మార్చవచ్చును. పట్టీ తెగినచో మాత్రము కాగితములంటించు సాధారణపు జిగురుపట్టీ వాడరాదు. దాని జిగురు హెడ్డునకు పట్టి యంత్రమునే చెరచును.

ఇపుడు అంకెల సంగతి. టేపుపైని బొమ్మకును డిస్కుపైని బొమ్మకును గల భేదమును ఒక ఉదాహరణముచే తెలియవచ్చును. ఒకడు కిటికీ కొలతను దారముతో తీసి, ఆ దారమునుబట్టి రెండవ దారమును, రెండవదానినిబట్టి మూడవదానిని కత్తిరించెననుకొనుడు. పదవ దారము కిటికీకి సరిపోవుట కల్ల. ప్రతిమారును వెంట్రుకవాసి తప్పు చేరుచునే యుండును. వేరొకడు కిటికీని కొలిచి 137 సెంటీమీటర్లని కాగితముపై వ్రాసెను. ఆ అంకెను పదిమంది ఒకరినిచూచి యొకరు వ్రాసికొన్నను 137 గనే యుండును. టేపునుండి టేపునకు తీసిన ప్రతి దారపు కొలత వంటిది. మూడవ నాల్గవ ప్రతికి పెండ్లికూతురి చీర యంచు కలగిపోయి, రంగులు ఒలికినట్లగును. అంకెలలోనికి మారిన బొమ్మకు నకళ్ళు ఎన్ని తీసినను మొదటిదానికిని వందవదానికిని తేడా యుండదు.

కాబట్టి మార్పిడి యనగా కొలుచుటయే. టేపునుండి వచ్చు విద్యుత్తు వీణతీగపై జారెడి గమకమువలె ఎడతెగక హెచ్చుచు తగ్గుచు నుండును. కంప్యూటరునకు తగిలించిన చిన్న పరికరము దానిని సెకనునకు 1 కోటి 35 లక్షల మారులు కొలిచి, వెలుగు ఎంతయున్నదో 256 మెట్లలో ఏదో యొక మెట్టుగా వ్రాసికొనును. ఈ లెక్క 1982 లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణము. మన పద్ధతిలో ఒక్కొక్క బొమ్మకు 576 వరుసలు, వరుసకు 720 చుక్కలు, మొత్తము 4,14,720 చుక్కలు. అట్టి బొమ్మలు సెకనునకు 25.

అమెరికాలోని బంధువులు పంపిన క్యాసెట్టు మన వి.సి.ఆర్. లో పెట్టినపుడు బొమ్మ దొర్లిపోవుట పెద్దలు కొందరికి జ్ఞాపకముండును. అది టేపు దోషము కాదు. మన పద్ధతి పేరు పాల్. అచటి పద్ధతి ఎన్.టి.ఎస్.సి. అచట సెకనునకు సుమారు 30 బొమ్మలు, వరుసలు తక్కువ. డల్లాసులోనో, న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారి పుట్టినరోజు పండుగలు మన ఊళ్ళలో ఇట్లే చూడబడక మిగిలిపోయినవి. రెండు పద్ధతులను చదువు యంత్రము దొరకినచో ఆ చిక్కు తీరును.

పాత టేపుతో మరియొక చిక్కు కలదు. మన పద్ధతిలో బొమ్మయందలి ఒక్కొక్క వరుసకు సెకనులో పదిలక్షలవ వంతులు 64 పట్టును. పట్టీ రవంత సాగినచో ఒక వరుస ముందుగను, ఒక వరుస ఆలస్యముగను మొదలగును. అపుడు నిటారుగనున్న ద్వారబంధము తెరపై పామువలె మెలికలు తిరుగును. కొలుచు పరికరము తికమకపడి కొన్ని బొమ్మలను వదలివేయుటయు కలదు. దీనికి కాలమును సవరించు పరికరమొకటి యుండును. అది వరుసలను రాగానే పట్టియుంచి, గడియారపు లెక్క ప్రకారము ఒక్కొక్కటిగా విడుచును. నగరములలో ఈ పనిచేయు మంచి దుకాణములకును, చవకదుకాణములకును గల భేదము చాలవరకు ఈ పరికరముననే యున్నది.

తొందరకు ఇచట తావులేదు. మూడు గంటల టేపునకు మూడు గంటలు పట్టును. ఆ సేపు ఎవరో యొకరు కనిపెట్టుకొని యుండవలెను. బొమ్మ చెదరినచో ఆపి, హెడ్లను శుభ్రపరచి, ఆ భాగమును మరల నడపవలెను. శిథిలమైన టేపునకు అదియే చివరి నడక కావచ్చును గనుక, సరిచూచుకొనుటకు ముందే రికార్డు నడచుచుండవలెను.

ఇట్లు వచ్చిన అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా దాచినచో గంటకు సుమారు 75 గిగాబైట్లగును. ఒక డి.వి.డి. లో పట్టునది 4.7 మాత్రమే, గంట పెండ్లికి పదునారు డిస్కులు కావలెను! అందుచే అంకెలను కుదింతురు. పురోహితుడు మంత్రములు చదువుచుండగా వెనుకనున్న పందిరిగుంజ కదలదు గదా. దానిని ప్రతి బొమ్మలోను క్రొత్తగా వ్రాయనేల? “మునుపటివలెనే” అని యొక గుర్తు చాలును. కదలినదానిని మాత్రము వ్రాయుదురు. ఈ ఉపాయముచే అంకెలు ముప్పదవవంతునకు తగ్గి, రెండు గంటల బొమ్మ ఒక డిస్కులో నిముడును. అయితే టేపునందలి చుక్కలు చుక్కలుగా మెరయు ‘మంచు’ గూడ కదలికయే గనుక దానిని వ్రాయుటకే చాల స్థలము వ్యర్థమగును. టేపు ఎంత శుభ్రముగా నడచిన డిస్కుపై బొమ్మ అంత తేటగా వచ్చును.

డి.వి.డి. 1996 లో జపానున వెలువడెను. దాని వ్యాసము 12 సెంటీమీటర్లు. అంకెల బాట లోపలినుండి వెలుపలికి చుట్టలు తిరుగుచు సుమారు 12 కిలోమీటర్లు సాగును; క్యాసెట్టులోని 250 మీటర్లు దీనిముందు ఎంత! కర్మాగారమున అచ్చువేసిన డిస్కునందు ఆ బాటలో చిన్న గుంటలుండును. మనము రికార్డుచేయు డిస్కులో గుంటలకు మారుగ ఒక రంగుపూత యుండును. ఎఱ్ఱని లేజరు కిరణము ఆ పూతను అచటచట మాడ్చి గుర్తులు పెట్టును. చిన్న గీతలు పడినను బొమ్మ చెడకుండుటకు కారణము 1960 లో ఇర్వింగు రీడు, గుస్తావు సాలమను అను గణితజ్ఞులు కనిపెట్టిన తప్పుల దిద్దుబాటు పద్ధతి.

కాని ఆ రంగుపూతయు చీరరంగు వంటిదే. ఎండ తగిలినచో వెలియును. చవకరకపు డిస్కులు కొన్ని సంవత్సరములకే చదువబడక పోయినవి. పైగా నేటి కంప్యూటర్లలో పెక్కింటికి డిస్కు పెట్టు అరయే లేదు. ఇంగ్లండును జయించిన విలియము రాజు 1086 లో తన రాజ్యములోని భూములను లెక్కింపజేసి యొక గ్రంథము వ్రాయించెను. దాని పేరు డూమ్స్‌డే గ్రంథము. దానికి 900 ఏండ్లు నిండిన 1986 లో బి.బి.సి. వారు అట్టిదే క్రొత్త గ్రంథమొకటి తలపెట్టిరి. వేలాది పాఠశాలల బాలబాలికలు తమ ఊళ్ళ వివరములను, చిత్రములను సేకరించి పంపిరి. వానినన్నింటిని రెండు లేజరు డిస్కులపై నిక్షేపించిరి. పదునారేండ్లు గడచునప్పటికి ఆ డిస్కులను చదువగల యంత్రములు దుర్లభములయ్యెను. పాత కంప్యూటరువలె నటించు ప్రోగ్రామును పరిశోధకులు శ్రమించి తయారుచేయవలసివచ్చెను. తోలుపై సిరాతో వ్రాసిన విలియము గ్రంథమును మాత్రము లాటిను భాష వచ్చినవాడు నేడును చదువగలడు.

అందుచే తెలిసినవారు ఒక్క డిస్కుతో ఊరకుండరు. ఒక ప్రతి డిస్కుపై, మరియొకటి కంప్యూటరు హార్డుడిస్కుపై, వేరొకటి మరియొక ఊరిలోని బంధువుల యింట ఉంచుదురు. కొన్ని యేండ్ల కొకమారు తెరచిచూచి, ఆనాటి సాధనములోనికి మార్చుదురు. పాత టేపును పారవేయరు. ఎండ, చెమ్మ తగులనిచోట పుస్తకమువలె నిలువుగ నుంచుదురు.

చివరి పని యంత్రములది కాదు. పెండ్లిపందిరిలో కెమెరా వరుసగా చూపుచు పోయిన ముఖములలో సగము ఎవరివో ఇంటిలోని పిల్లలకు తెలియదు. అమ్మమ్మకు తెలియును. డిస్కు సిద్ధమైన దినమున ఆమెను కూర్చుండబెట్టి, ముఖము కనబడిన చోటనెల్ల ఆపి, నిమిషము, సెకను గుర్తించి పేరు, వరుస, ఊరు వ్రాసికొనువారు కలరు. ఒక్కొక్క పేరు వెంట ఒక్కొక్క కథ వచ్చును. మూడు గంటల టేపునకు మూడు సాయంకాలములు పట్టును. ఆ కథలను గూడ జేబు టెలిఫోనుతో ఆమె కంఠముననే రికార్డుచేసి, ఆ టేపు సంఖ్యవేసి ప్రక్కన చేర్చుకొందురు.